శ్రావణం లోపు తేలాలి: మా స్టూడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డైరీ

ఆషాఢం, మొదటి మంగళవారం

కెమెరా కొని పదిరోజులైంది. దాంతో తీసిన రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) ఒక్కటీ షాపు సిస్టమ్‌లో నేరుగా తెరుచుకోలేదు. కెమెరా నికాన్ జెడ్6 టూ, సెకండ్ హ్యాండే అయినా కండిషన్ బాగుంది. సిస్టమ్‌లో ఉన్నదేమో ఫోటోషాప్ సీఎస్6, అది 2012 నాటి సరుకు. అందులో రా ఫైళ్లు తెరిచే భాగానికి 2015 తర్వాత కొత్త కెమెరాలు చేర్చడం మానేశారు, మన కెమెరా 2020లో పుట్టింది, దాంతో డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా ఇంగ్లీషులో ఒక బాక్సు చూపించి ఊరుకుంటోంది.

ఫోటోషాప్ చేసే అడోబీ వాళ్లే ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ ఒకటుంది. ఫైళ్లన్నీ దాంతో డీఎన్‌జీలుగా (అడోబీ సొంత రకం రా ఫైళ్లుగా) మార్చి పెడితే పాత సీఎస్6 కూడా నోరు మూసుకుని తెరుస్తుంది. అట్టా ఒక పెళ్లి లాగించేశాం కూడా. 2,200 ఫైళ్లు మార్చడానికి ఒక పూట పట్టింది, హార్డ్‌డిస్కులో ప్రతి ఫోటో రెండేసి సార్లు కూర్చుంది. ప్రతి పెళ్లికీ ఇదంటే నా వల్ల కాదు.

ఇంకో సంగతి. ఆ సీఎస్6కి బిల్లు లేదు. ఎప్పుడో సిస్టమ్ బాగు చేయడానికొచ్చిన కుర్రాడు వేసిచ్చి పోయాడు, మేమూ అడగలేదు. ఈ మధ్య మాకు తెలిసిన ఒక స్టూడియోలో ఇలాంటి కాపీతో పాటే వైరస్ దిగి రెండు సీజన్ల పెళ్లి ఫోటోలకి తాళం వేసేసింది. డబ్బు కడితేనే తీస్తామని స్క్రీన్ మీద రాసి ఉందట. ఆ మాట విన్న రాత్రి నేను షాపుకి వెళ్లి మరీ హార్డ్‌డిస్కు పీకి ఇంటికి తెచ్చుకున్నా.

ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు, షాపులో పాస్‌పోర్ట్ ఫోటోలు, ఆధార్ జిరాక్సులు తప్ప పని లేదు. శ్రావణంలో మొదటి పెళ్లికి ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్నా. ఈ నెలలో ఏ సాఫ్ట్‌వేర్‌తో బతకాలో తేల్చుకోవాలి. రోజూ నాలుగు ముక్కలు ఇక్కడ రాసుకుంటా, లేకపోతే ఏది ఎందుకు వద్దనుకున్నానో నాకే గుర్తుండదు.

అదే వారం, గురువారం

యూట్యూబ్‌లో 'ఏది బెస్ట్' అని చెప్పే వీడియోలు ఓ పది చూశా. అందరూ ఐస్‌లాండ్ కొండలు, మంచు, ఆకుపచ్చ ఆకాశం పెట్టి చూపిస్తారు. మనకి మంచు ఎక్కడిది? ఇక్కడ కర్నూలు రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి బయటికొస్తే కెమెరా బాడీ ముట్టుకోలేం. అందుకే మన ఫోటోలే పరీక్షకి పెట్టా. నాలుగు.

ఒకటి, పక్క ఊళ్లో జరిగిన బండలాగుడు పోటీలో ఒంగోలు గిత్తల జత. నడి ఎండ, తెల్లటి ఒళ్లు. కెమెరాలోంచి వచ్చిన జేపెగ్‌లో మూపురం దగ్గర ఏమీ లేదు, ఒట్టి తెలుపు, కాగితానికి బొక్క పడినట్టుంది.

రెండు, రిసెప్షన్ స్టేజీ. ఈవెంట్ వాళ్లు కొట్టిన నీలం, వంకాయరంగు ఎల్‌ఈడీ లైట్ల కింద పెళ్లికూతురు. ముఖం సగం మనిషిది, సగం అవతార్ సినిమాది.

మూడు, తెల్లవారుజాము ముహూర్తంలో తలంబ్రాలు. ఫ్లాష్ కొట్టలేదు, చీకట్లో వెలుగు పెంచుకునే ఐఎస్‌ఓ అంకె 6400 దాకా పెట్టా. బియ్యం గాల్లో ఉండగా దొరికిన ఫ్రేము, నాకు చాలా ఇష్టం, గ్రెయిన్స్ మాత్రం బాగా ఉన్నాయి.

నాలుగోది చీమకుర్తి నుంచి. అక్కడి గ్రానైట్ ఫ్యాక్టరీ ఒకాయన కేటలాగ్ కోసం బ్లాక్ గెలాక్సీ పలకల ఫోటోలు తీయమన్నాడు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, అదే దాని ధర. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయట. వెలుగు ఒక కోణంలో పడితేనే మెరుస్తాయి, లేదంటే తారు రోడ్డులా ఉంటుంది.

మేనల్లుడు లిస్టు చూసి, "మామా, ఇంతకీ ఆల్బమ్ సంగతేంది? ఎడ్లూ రాళ్లూ చూస్తే అన్నం వచ్చిద్దా?" అన్నాడు. మా దగ్గర కలర్ పని నాది, ఆల్బమ్ డిజైన్ వాడిది. అప్పుడు వాడి మాట పెద్దగా పట్టించుకోలేదు.

రెండో వారం, సోమవారం

ముందు నికాన్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఎన్ఎక్స్ స్టూడియో. 2021 నుంచి ఉంది. క్యానన్ కెమెరాల వాళ్లకి ఆ కంపెనీ ఇచ్చే డీపీపీ ఎలాగో మనకి ఇది అలాగ. దీంట్లో ఒక సుఖం ఏంటంటే, కెమెరా వెనక స్క్రీన్‌లో చూసిన రంగే ఇక్కడా కనిపిస్తుంది, స్కిన్ టోన్‌కి వంక పెట్టలేం. ఒక్కో ఫోటో కూర్చుని చేసుకునేవాళ్లకి ఇది చాలు, నిజంగా. నా సిస్టమ్‌లో (ఐ5, 16 జీబీ ర్యామ్, పాత 1050 టీఐ కార్డు) ఫోటో నుంచి ఫోటోకి వెళ్లడానికే టైమ్ తీసుకుంటోంది. మిగతా సాఫ్ట్‌వేర్‌లో కలర్ కరెక్టుగా వచ్చిందో లేదో సరిచూసుకోవడానికి మాత్రం దీన్ని తీయకుండా ఉంచుతా.

సాయంత్రం రా థెరపీ వేశా. ఇదీ ఉచితమే, 2010 నుంచి సోర్స్ కోడ్ కూడా తెరిచి పెట్టారు. తెరవగానే ఫోటో కెమెరా జేపెగ్‌కి దగ్గరగానే కనిపించింది, ఎలాగంటే ఫైలు లోపల ఉండే చిన్న జేపెగ్‌ని చూసి టోన్ కర్వ్‌ని, అంటే వెలుగునీడల తీరుని, అదే సరిపోల్చుకుంటుందట. బాగుంది. తెరిచాక కుడిపక్క చూస్తే స్లైడర్లు, ఒక్కో దాని కింద ఇంకో నాలుగు స్లైడర్లు. అమావాస్య తిరునాళ్లలో చెప్పుల స్టాండ్ ముందు నిలబడ్డట్టు అయింది, ఏది మనదో తెలియదు. గ్రానైట్ పలక మీద దాని క్యాప్చర్ షార్పెనింగ్ పెడితే చుక్కలు సూదిమొనల్లా తేలాయి, ఆ ఒక్కటి గుర్తుంచుకుంటా. పెళ్లి సెలక్షన్ దీంట్లో చేయలేను.

రెండో వారం, బుధవారం నుంచి శనివారం దాకా

డార్క్‌టేబుల్. దీనికి నాలుగు రోజులు పోయాయి, అందులో మొదటి రోజున్నర ఒట్టి తిట్టుకోవడమే.

ఇది 2009లో మొదలైంది, విండోస్‌కి వచ్చింది మాత్రం 2017 చివర్లో. ఉచితం, ఓపెన్ సోర్స్. ఫోటో తెరిస్తే చప్పగా కనిపించింది, కెమెరా జేపెగ్ పక్కన పెడితే ఉప్పు వేయని పప్పు. అన్ఇన్‌స్టాల్ చేద్దామని మౌస్ అక్కడిదాకా పోయింది. తర్వాత అర్థమైంది, ఇది కెమెరా చేసిన వంటని మళ్లీ చేయడానికి ప్రయత్నించదు, సెన్సర్ ఏం చూసిందో అదే ముందు పెట్టి నువ్వు వండుకో అంటుంది. ఎక్స్‌పోజర్‌లో ముఖం వెలుగు సరిచేసి, సిగ్మాయిడ్‌లో కాంట్రాస్ట్ పెట్టి, కలర్ బ్యాలెన్స్‌లో కాస్త రంగు పోస్తే ఫోటో నిలబడింది. ఈ మూడూ కలిపి 'స్టయిల్' అని సేవ్ చేసుకున్నా, ఇప్పుడు ఒక్క క్లిక్కుతో మొత్తం పెళ్లికి పడుతుంది.

గిత్తల దగ్గర దీని అసలు పని కనిపించింది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్లో 16,384. ఎండలో తెల్లటి వస్తువు తీస్తే సెన్సర్‌లో ముందు నిండిపోయేది ఆకుపచ్చ ఛానల్, ఎరుపు, నీలంలో ఇంకా కొంత మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన దాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ పోయిన భాగాన్ని కట్టుకొస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గించి, హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ దాని మానాన దాన్ని వదిలేస్తే మూపురం మీద వెంట్రుకల సుడి కనిపించింది. గంగడోలు మడతల్లో దుమ్ము కూడా. నేను కళ్లారా చూసి తీసిన ఎడ్లే, ఆ సుడి మాత్రం ఇప్పుడే చూస్తున్నా. ఎడ్ల యజమానికి ప్రింటు తీసి పంపాలి, సుడి ఎటు తిరిగిందో చూసి మంచిదో చెడ్డదో చెప్పేవాళ్లు వాళ్లే కదా.

ఇంక నాయిస్, అంటే ఆ గ్రెయిన్సే. తలంబ్రాల ఫోటోకి 'డీనాయిస్ ప్రొఫైల్డ్' పెట్టా. ఏ కెమెరా ఏ ఐఎస్‌ఓలో ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి పెట్టుకున్న లెక్కలతో పనిచేస్తుంది. మామూలు బలంతో పెడితే ముఖాలు నున్నగా వచ్చాయి, వెనక చీకట్లో ఎగురుతున్న బియ్యం గింజలు సగానికి సగం మాయం. దానికి గింజకీ గ్రెయిన్‌కీ తేడా ఎలా తెలుస్తుంది పాపం, రెండూ చిన్న తెల్ల చుక్కలే. అదే కథ గ్రానైట్‌లో ఇంకా ఘోరంగా జరిగింది, బంగారు చుక్కల్లో చిన్నవన్నీ తుడిచిపెట్టుకుపోయి లక్ష రూపాయల పలక కడప బండలా తయారైంది. అక్కడ మాస్కు నేర్చుకోక తప్పలేదు. ముఖాల చుట్టూ గీత గీసి, అంచు మెత్తగా పెట్టి, ఆ లోపలే నాయిస్ తగ్గించడం. బియ్యం వెనక్కి వచ్చాయి. గ్రానైట్‌కయితే నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపేశా, పలక కదలదు కాబట్టి ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100లో మళ్లీ తీస్తే పోతుంది. సాఫ్ట్‌వేర్‌తో నాలుగు గంటలు కుస్తీ పట్టాక తోచిన తెలివి ఇది.

నీలం లైట్ల పెళ్లికూతురు మాత్రం ఇంకా నీలంగానే ఉంది. సిగ్మాయిడ్‌లో ప్రైమరీస్ అని ఉన్నాయి, వాటిని కదిపితే నీలం మచ్చలు కాస్త మెత్తబడ్డాయి. పూర్తి మనిషి రంగు రాలేదు. రాదు కూడా, అక్కడ ఎరుపు వెలుగే లేనప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది. ఈవెంట్ వాళ్లని ఒక్క తెల్ల లైటు ముఖం మీద వేయమని అడగడం ఒక్కటే మందు.

మూడో వారం, సోమవారం

లైట్‌రూమ్. ఇదీ అడోబీదే, నెలనెలా కట్టాలి. ట్రయల్ ఏడు రోజులే, అందుకే దీన్ని అన్నీ సిద్ధం చేసుకున్నాక పెట్టుకున్నా.

ఈ పేరుతో రెండున్నాయి, కొనేవాళ్లు జాగ్రత్త. 2017లో పాతదానికి లైట్‌రూమ్ క్లాసిక్ అని పేరు మార్చారు. ఉత్త లైట్‌రూమ్ అనేది ఫోటోలు క్లౌడ్‌లో దాచేది. పెళ్లికి 60 జీబీ తీసేవాళ్లం ఆ క్లౌడ్‌కి ఎక్కించాలంటే ఒక పెళ్లి అప్‌లోడ్ అయ్యేలోపు ఇంకో పెళ్లి వస్తుంది. మనకి క్లాసికే.

నిజం ఒప్పుకోవాలి, చేతికి హాయిగా ఉంది. మాస్కులో 'పీపుల్' నొక్కితే పెళ్లికొడుకుని పర్సన్ 1, పెళ్లికూతుర్ని పర్సన్ 2 అని అదే పట్టుకుంది, ముఖం చర్మం వేరే, కళ్లు వేరే, పళ్లు వేరే. ఒక ఫోటోకి చేసింది కాపీ చేసి అరవై ఫోటోలకి అంటిస్తే ప్రతి దాంట్లో మనుషుల్ని మళ్లీ వెతుక్కుని పెట్టుకుంది. డార్క్‌టేబుల్‌లో నేను చేత్తో గీసింది ఇదే. ఆ అరవై నాకు అక్కడ మధ్యాహ్నమంతా పట్టింది.

గిత్తలు కూడా బాగానే వచ్చాయి, హైలైట్స్ స్లైడర్ కిందికి లాగితే చాలు. మరీ లాగితే సున్నం మీద బూడిద చల్లినట్టు అవుతుంది, సగంలో ఆపాలి. నీలం పెళ్లికూతురికి కిందెక్కడో ఉన్న క్యాలిబ్రేషన్‌లో బ్లూ ప్రైమరీ శాచురేషన్ తగ్గిస్తే డార్క్‌టేబుల్‌లో వచ్చినంత వచ్చింది. అక్కడ డ్రా.

2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ గురించి అందరూ చెప్పేది నిజమే, బియ్యం గింజలు గింజల్లాగే ఉంచి గ్రెయిన్స్ తీసేసింది. కాకపోతే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, నా ముసలి కార్డు మీద ఒక్కో ఫోటోకి దాదాపు అయిదు నిమిషాలు. పెళ్లికి 400 ఫోటోలు అంటే 2,000 నిమిషాలు, 33 గంటలు. కరెంటు బిల్లు వేరే. ఇష్టమైన పది ఫోటోలకి వాడుకోవచ్చు, అంతకంటే కాదు.

కట్టడం ఆపేస్తే ఏమవుతుందని అందరికీ భయం, నాకూ ఉంది. చూస్తే ఎడిటింగ్ చేసే డెవలప్, మ్యాప్ భాగాలు మాత్రం మూసేస్తారు, ఫోటోలు చూసుకోవడం, చేసినంతవరకు ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం ఉంటుంది. ఫోటోలు ఎటూ మన డిస్కులోనే. అంత దారుణం కాదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది: ఒక అకౌంట్ రెండు సిస్టమ్స్‌లో పెట్టుకోవచ్చు కానీ ఒకేసారి రెండింట్లో పనిచేయడానికి లేదు. నేను కలర్ చేస్తుంటే మేనల్లుడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

క్యాప్చర్ వన్ కూడా చూడమని ఒక ఫ్రెండ్ అన్నాడు. స్టూడియోలో కెమెరాకి కేబుల్ పెట్టి తీస్తూ స్క్రీన్ మీద చూపించేవాళ్లకి అది. వదిలేశా.

మూడో వారం, గురువారం

ఇవాళ మేనల్లుడి వంతు. ఫోటోషాప్‌లా లేయర్లతో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్ 3 వేశాం. జింప్ 1996 నుంచి ఉంది, 2025లో మూడో వెర్షన్ వచ్చింది, ఫిల్టర్లు వేశాక కూడా మళ్లీ వెనక్కెళ్లి మార్చుకోవడం ఇప్పుడు కుదురుతోంది. రా ఫైలు దానంతటది తెరవదు, డార్క్‌టేబుల్ సిస్టమ్‌లో ఉంటే దానికి అప్పగించి, అక్కడ పని అయ్యాక చేతికి తీసుకుంటుంది. ఇది నాకు నచ్చింది.

వాడు మొదట తెలుగు టైప్ చేశాడు. 'శ్రీరస్తు శుభమస్తు'. పాత సీఎస్6లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు విడిపోయి 'శ్రీరస్ తు' అని వచ్చేది, అందుకే ఇన్నాళ్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో నెట్టుకొచ్చాం. జింప్‌లో రామభద్ర ఫాంటు పెట్టి కొడితే కింద త వత్తు చక్కగా ఒదిగి కూర్చుంది. వాడు నావైపు చూసి, "మామా, మొదటిసారి తప్పు లేకుండా వచ్చింది చూడు" అన్నాడు. పదకొండేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు చేస్తున్నాం మేము.

కొత్త ఫోటోషాప్‌లో కూడా వస్తుందిలే, కొన్నేళ్ల కిందటి వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాల్సి వచ్చేది. అది ఎంచుకోకుండా ఫాంటుని తిట్టినవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు, వాళ్లలో నేనొకణ్ణి.

తర్వాత వాడు 12x36 కరిజ్మా ఆల్బమ్ టెంప్లేట్ తెరిచాడు. 300 డీపీఐలో అడ్డం 10,800, నిలువు 3,600 పిక్సెళ్ల షీటు. తెరుచుకుంది. పూలు, ఆకులు, బ్యాక్‌గ్రౌండ్ అన్నీ ఉన్నాయి. ఫోటో పెట్టాల్సిన ఫ్రేము మీద డబుల్ క్లిక్ చేస్తే ఏమీ కాలేదు. స్మార్ట్ ఆబ్జెక్టులన్నీ (లోపలి ఫోటో మార్చుకోగలిగే ఫ్రేములు) మామూలు లేయర్లు అయిపోయాయి. వాడు పనిచేసే పద్ధతంతా ఆ డబుల్ క్లిక్కు మీదే నడుస్తుంది: తెరువు, ఫోటో మార్చు, సేవ్ కొట్టు, ఫ్రేములో అదే అమరుతుంది. పాస్‌పోర్ట్ యాక్షన్ (ఒకసారి రికార్డు చేసి ఒక్క కీతో మళ్లీ నడిపించుకునే పని) కూడా అంతే. 35x45 మిల్లీమీటర్ల ఫోటో ఒకటి కట్ చేసి ఎఫ్3 నొక్కితే 4x6 షీటు మీద ఎనిమిది పడతాయి. జింప్‌లో మనం చేసింది చూసి రికార్డు చేసుకునే యాక్షన్ లేదు, స్క్రిప్టు రాయాలి. మేనల్లుడు బీకాం.

బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ కూడా చూశాం. ఫైలు మన సిస్టమ్‌లోనే ఉంటుంది, ఎక్కడికీ ఎక్కదు, స్మార్ట్ ఆబ్జెక్టులు కూడా పనిచేశాయి. 12x36 షీట్లో పదిహేను ఫోటోలు పడేసరికి బ్రౌజర్ ర్యామ్ మొత్తం మింగి బిగుసుకుపోయింది. చిన్న పనులకి, ఫ్లెక్సీ డిజైన్‌కి బ్రహ్మాండం. అఫినిటీని 2024లో క్యాన్వా కొని 2025 అక్టోబరులో ఉచితం చేసింది, అదీ దించి పెట్టాం, తీరిగ్గా చూడాలి.

రాత్రి షట్టర్ వేస్తూ లెక్కేశాం. వాడి దగ్గర టెంప్లేట్లు 1,400 పైచిలుకు. కొన్నవి, ఫ్రెండ్స్ దగ్గర మార్చుకున్నవి, వాడే కట్టుకున్నవి. అన్నీ పీఎస్‌డీలే, అంటే ఫోటోషాప్ ఫైళ్లే. మొదటి వారంలో వాడు అడిగింది ఇదే. నేను ఎడ్లనీ రాళ్లనీ చూస్తూ కూర్చున్నా.

నాలుగో వారం, ఆదివారం

ఇవాళ ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం, రాసి పెట్టాల్సిందే.

డార్క్‌టేబుల్‌లో 180 ఫోటోలు చేసి పెట్టా, పాత పెళ్లిదే, ప్రాక్టీసుకి. ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి రెండో సిస్టమ్‌లో పెట్టమన్నా. అక్కడ తెరిస్తే అన్నీ చప్పగా, మొదటి రోజులాగే. చేసిన పని ఒక్కటీ లేదు. విషయం ఏంటంటే, ప్రతి ఫోటో పక్కన అదే పేరుతో ఎక్స్‌ఎంపీ అని చిన్న ఫైలు ఒకటి పుడుతుంది, మనం చేసిన మార్పులన్నీ ఉండేది దాంట్లోనే, అసలు ఫోటోని సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. మావాడు కాపీ చేసేటప్పుడు "ఇయ్యేందో చెత్త ఫైళ్లు, కేబీలో ఉన్నాయి" అని సార్టు చేసి మొత్తం డిలీట్ కొట్టాడు. శుభ్రం చేసి ఇచ్చాడన్నమాట.

నా సిస్టమ్‌లో డార్క్‌టేబుల్ సొంత డేటాబేసులో కూడా ఒక కాపీ ఉంటుంది కాబట్టి బతికిపోయా. అన్నీ ఎంచుకుని ఆ ఎక్స్‌ఎంపీలు (సైడ్‌కార్ ఫైళ్లు అంటారు) మళ్లీ రాయించి, ఈసారి నేనే కాపీ చేశా. అదే రోజు ఇంకోటి కూడా తెలిసింది, ఫోల్డర్‌ని విండోస్‌లోంచి వేరే చోటికి జరిపితే డార్క్‌టేబుల్లో ఫోటో బదులు పుర్రె బొమ్మ వస్తుంది. మొదటిసారి చూసి వైరస్ అనుకుని ఇంటర్నెట్ వైరు పీకేశా.

రెండు సిస్టమ్స్ మీదా చిన్న చీటీ అంటించా: 'చిన్న ఫైళ్లు చెత్త కాదు'.

అదే వారం, బుధవారం

ల్యాబ్ నుంచి టెస్టు ప్రింట్లు వచ్చాయి. అన్నీ ముదురుగా, రంగులు చచ్చినట్టు. ముందు ల్యాబ్‌వాణ్ణి అనుకున్నా. చూస్తే తప్పు నాదే, రెండు తప్పులు. ఎక్స్‌పోర్ట్‌లో మామూలు రంగుల కొలత ఎస్‌ఆర్‌జీబీ బదులు ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీ పెట్టా, గొప్పగా ఉంటుందని. ల్యాబ్ మెషిన్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని కొట్టేసింది, కుంకుమ రంగు ఇటుకపొడి అయింది. రెండోది, నా మానిటర్ బ్రైట్‌నెస్ ఎప్పుడూ నూటికి నూరు. అంత వెలుగులో చూసి చేసిన ఫోటో కాగితం మీద చీకటిగా కాక ఇంకెలా వస్తుంది. షాపు ట్యూబ్‌లైటు కింద తెల్ల కాగితం పట్టుకుని, స్క్రీన్ మీది తెలుపు ఆ కాగితానికి సరిపోయేదాకా తగ్గించా. 100 నుంచి 35కి వచ్చింది. రెండు రోజులు కళ్లకి మబ్బు పట్టినట్టుంది, తర్వాత అలవాటైంది. ఎస్‌ఆర్‌జీబీలో మళ్లీ పంపితే ప్రింటు సరిగ్గా వచ్చింది.

ఈ నెలలో ప్రింటు నాణ్యతని అన్నిటికంటే ఎక్కువ మార్చింది ఏదంటే ఆ బ్రైట్‌నెస్ బటనే, ఖర్చు సున్నా.

ఆషాఢ అమావాస్య

తేల్చేశాం. మేనల్లుడి సిస్టమ్‌లో ఫోటోషాప్, లైట్‌రూమ్ కలిసొచ్చే ఫోటోగ్రఫీ ప్లాన్, బిల్లుతో. నా సిస్టమ్‌లో డార్క్‌టేబుల్. పాత సీఎస్6 రెండింట్లోంచీ తీసేశాం.

ఫోటోలు ఎడిట్ చేయడానికయితే నాకు ఆ ప్లాన్ అక్కర్లేదు, ఉచితమైనవాటితో నా నాలుగు ఫోటోలూ గట్టెక్కాయి. నెలనెలా కట్టేది ఆ 1,400 టెంప్లేట్లకి అద్దె. ఆల్బమ్ పని లేని వాళ్లు, పక్షులో పండగలో తీసుకుని ప్రింట్లు వేయించుకునేవాళ్లు ఎవరైనా అడిగితే డార్క్‌టేబుల్ వేసుకుని ఒక వారం తిట్టుకోమని చెప్తా. రోజుకి వెయ్యి ముఖాలు సరిచేసేవాళ్లు లైట్‌రూమ్‌కి కట్టేసుకోండి, మధ్యాహ్నం నిద్ర అయినా మిగులుతుంది.

ఇద్దరి మధ్య అప్పగింత ఇలా: సెలక్షన్ నేను డార్క్‌టేబుల్‌లో ఫోటోలన్నీ వరసగా కనిపించే లైట్‌టేబుల్‌లో నంబర్ల కీలతో స్టార్లు ఇస్తూ చేస్తా (సెట్టింగ్స్‌లో రా బదులు లోపలి జేపెగ్ చూపించమని పెడితే వేగం బాగా పెరిగింది). కలర్ చేసి ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఫుల్ సైజులో ఇస్తా, స్మూత్ చేయాల్సిన క్లోజప్‌లు మాత్రం 16 బిట్ టిఫ్. ఎక్కువమంది ఉన్న గ్రూప్ ఫోటోలు, కష్టమైన మాస్కులు వాడి లైట్‌రూమ్‌కి. రా ఫైళ్లతో పాటు ఎక్స్‌ఎంపీలు రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి ఇంట్లో బీరువాలో.

శ్రావణం, మొదటి శనివారం

పెళ్లి అయింది. 2,640 తీశాం, 410 నిలిచాయి, రెండున్నర రోజుల్లో కలర్ అయిపోయింది. పోయిన సీజన్లో ఇదే పని జేపెగ్‌లతో నాలుగు రోజులు. ఈవెంట్ వాళ్లని బతిమాలి ముఖం మీద ఒక తెల్ల లైటు వేయించా. పెళ్లికూతురు ఈసారి మనిషి రంగులోనే ఉంది.

సాయంత్రం చీమకుర్తి గ్రానైట్ ఆయన వచ్చాడు. ట్రైపాడ్ మీద మళ్లీ తీసిన ఫోటోలు, ఒక్క చుక్క పోకుండా చేసినవి, పైగా రా థెరపీ షార్పెనింగ్ కూడా తగిలించినవి, 12x18 ప్రింటు వేసి గర్వంగా టేబుల్ మీద పెట్టా. ఆయన సంచిలోంచి అరచేతంత రాయి ముక్క తీశాడు. గుమ్మం దగ్గర వెలుతుర్లో రాయిని, ప్రింటుని పక్కపక్కన పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు, చాలాసేపు.

"బాగుంది గానీ తమ్ముడూ, మా రాయిలో కంటే నీ ఫోటోలో బంగారం ఎక్కువుంది. ఇట్టా పంపిస్తే కంటైనర్ దిగినాక బయ్యర్ నన్ను పట్టుకుంటాడు. కొంచెం తగ్గించు."

రాయి ముక్క నా కీబోర్డు పక్కన పెట్టించుకున్నా. ఫైలు తెరిచి, షార్పెనింగ్ సగానికి దించి, పసుపు శాచురేషన్ రాయిని చూస్తూ ఒక్కో అంకె తగ్గించుకుంటూ వచ్చా. ఆయన వెనక నిలబడి టీ తాగుతూ "ఇంకా, ఇంకా... ఆఁ, ఆపు" అన్నాడు.